అడుగులకు అరిసెలు: పసిపిల్లల నడకను తెలుగు ఇల్లు గుర్తించిన తీరు, శాస్త్రం కొలిచిన తీరు

తెలుగువారి ఇళ్ళలో పసిబిడ్డ తన ఒంటిని అదుపులోకి తెచ్చుకునే ఒక్కొక్క ఘట్టానికి ఒక్కొక్క పిండివంట చేసి ఇరుగుపొరుగుకు పంచే ఆచారం తరతరాలుగా ఉంది. వెల్లకిల పడుకున్న బిడ్డ తనంతట తాను బోర్లపడితే బొబ్బట్లు, ఆసరా లేకుండా కూర్చుంటే కుడుములు, తొలి అడుగులు వేస్తే అరిసెలు, ఇంటి గడప దాటితే గారెలు అనే వరుస కోస్తాలోనూ రాయలసీమలోనూ తెలంగాణలోనూ కొద్దిపాటి తేడాలతో వినిపిస్తుంది. పాకే దశకు చేసే వంటకం ఊరిని బట్టి, ఇంటి ఆనవాయితీని బట్టి మారుతుంది. కొన్ని కుటుంబాలు అన్ని ఘట్టాలనూ పాటిస్తే, మరికొన్ని బొబ్బట్లతోనూ అరిసెలతోనూ సరిపెట్టుకుంటాయి. ఈ ఘట్టాలనే ఆధునిక శిశువైద్యం స్థూల చలన నైపుణ్యాలు అని పిలుస్తుంది. మెడ, వీపు, నడుము, తొడలు, పిక్కలు వంటి పెద్ద కండరాలు ఒకదానితో ఒకటి పొత్తు కుదుర్చుకొని, శరీరపు బరువును మోస్తూ, తూలిపోకుండా నిలుపుతూ చేసే కదలికలన్నీ ఈ కోవలోకి వస్తాయి. బొటనవేలు, చూపుడువేలు కలిపి నేలమీది గింజను ఏరడం వంటి సన్నని పనులు సూక్ష్మ చలన నైపుణ్యాల కిందికి వస్తాయి.

ఈ ఆచారానికీ, గత రెండు శతాబ్దాలకు పైగా ఐరోపా, అమెరికా, భారతదేశాలలో సాగిన శాస్త్రీయ పరిశీలనకూ విషయం ఒక్కటే అయినా, రెండూ బిడ్డను చూసిన చూపు వేరు. ఆచారం ఘట్టాల వరుసను గుర్తుపెట్టుకుంది కాని వాటికి తేదీలు పెట్టలేదు. శాస్త్రం తొలుత తేదీల కోసం వెదికి, వాటిని ప్రమాణాలుగా నిలిపి, ఆ ప్రమాణాలకు అందని పిల్లలను చూసి కలతపడి, చివరకు ఒకే తేదీకి బదులు విశాలమైన కాలవ్యవధి దగ్గరికి చేరుకుంది. అయితే ఎంతవరకు వేచి ఉండవచ్చో, ఎప్పుడు వైద్యుని తలుపు తట్టాలో చెప్పే హద్దు ఆచారంలో లేదు, దానిని శాస్త్రమే ఇచ్చింది. ఈ రెండింటి చరిత్రను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, పసితనపు నడక విషయంలో ఓర్పు ఎంత అవసరమో, మెలకువ ఎంత అవసరమో కలిసి బోధపడుతుంది.

మాటలలో నిలిచిన పరిశీలన

తెలుగు భాషలో శిశువు కదలికలకు ఉన్న క్రియలు ఈ సమాజం బిడ్డను ఎంత దగ్గరగా చూసిందో చెబుతాయి. వెల్లకిల నుంచి పొట్టమీదికి తిరగడం బోర్లపడటం. చేతులు, మోకాళ్ళు నేలకు ఆనించి ముందుకు సాగడం దోగాడటం. పిరుదులు నేలకు ఆనించి, కాళ్ళతో తోసుకుంటూ జరగడం దేకడం. నేలమీద అటూ ఇటూ తిరుగాడటం పారాడటం. పాకడం అనే మాట పొట్ట నేలకు తగులుతూ జరిగేదానికీ, దోగాడటానికీ కూడా వాడుకలో వర్తిస్తుంది. నిలబడటానికీ నడవడానికీ నడుమ, ఒంటి బరువును కాళ్ళమీద సరిచూసుకునే క్షణాలకు నిలదొక్కుకోవడం అనే మాట ఉంది. తొలి నడకకు భాష ఇచ్చిన పేరు తప్పటడుగులు. పెద్దల విషయంలో తప్పటడుగు అంటే పొరపాటు. పిల్లల విషయంలో అది అభినందన. తప్పుతూ వేసే అడుగే నడకకు మొదలన్న సంగతిని ఈ ఒక్క మాట తనలో నిలుపుకుంది.

దోగాడటానికీ దేకడానికీ తేడా తెలిసిన భాష, పిల్లలందరూ ఒకే దారిలో నడకకు చేరరన్న సంగతిని కూడా ఎరిగినదే. కొందరు దోగాడకుండానే, దేకుతూ దేకుతూ ఒకనాడు గోడ పట్టుకొని లేచి నిలబడతారు. సాహిత్యంలోనూ శిల్పంలోనూ ఈ పరిశీలన కనిపిస్తుంది. పోతన భాగవతం దశమ స్కంధంలో బలరామకృష్ణులు పాకడం, నిలబడ ప్రయత్నించడం, తప్పటడుగులు వేయడం వరుసగా వర్ణితమయ్యాయి. ఒక చేయి, రెండు మోకాళ్ళు నేలకు ఆనించి, రెండవ చేతిలో వెన్నముద్ద పట్టుకొని తల పైకెత్తి చూసే బాలకృష్ణుని లోహవిగ్రహం దక్షిణాదిన ఎన్నో పూజామందిరాలలో నేటికీ ఉంది. మూడు ఆనికల మీద బరువు మోపి నాలుగవ అవయవాన్ని పనికి విడుదల చేసే ఆ భంగిమ, దోగాడే వయసు పిల్లలు నిత్యం చేసేదే.

పిండివంటల వరుసకు మరొక విశేషం ఉంది. బోర్లపడటానికి బొబ్బట్లు, కూర్చోవడానికి కుడుములు, అడుగుకు అరిసె, గడపకు గారె అన్నప్పుడు, తెలుగు పద్యంలో యతిని పోలిన తొలి అక్షరాల మైత్రి ప్రతి జంటలోనూ పలుకుతుంది. చదువు రాని ఇంటిలో కూడా అవ్వ నోటి నుంచి అమ్మ నోటికి ఈ వరుస చెక్కుచెదరకుండా చేరడానికి ఆ మైత్రి తోడ్పడింది. శిశువికాసపు క్రమం ఈ విధంగా పుస్తకం అవసరం లేని పట్టికగా నిలిచింది. ఆ క్రమంలో శరీరశాస్త్రపు సూత్రం కూడా ఇమిడి ఉంది: అదుపు తల నుంచి కిందికి దిగుతుంది. ముందు మెడ నిలుస్తుంది, తరువాత వీపు, ఆపైన నడుము, చివరకు కాళ్ళు. బోర్లపడటం మెడా మొండెమూ చేసే పని, కూర్చోవడం నడుము చేసే పని, అడుగు కాళ్ళు చేసే పని.

అరిసె, గడప, ఇరుగుపొరుగు

అడుగులకు అరిసెలు జరిపే తీరు సాధారణంగా ఇది: నానబెట్టిన బియ్యాన్ని తడి ఆరకముందే దంచిన పిండిని బెల్లం పాకంలో కలిపి, నువ్వులో గసగసాలో అద్ది, నేతిలోనో నూనెలోనో వేయించి, అరిసెల చెక్కల నడుమ నొక్కి నూనె పిండిన అరిసెలను కొత్త బట్ట మీద వరుసగా పేర్చుతారు. బిడ్డకు తలంటి, కొత్త బట్టలు తొడిగి, చేయి పట్టుకొని ఆ అరిసెల మీద నడిపిస్తారు. ఆ తరువాత వాటిని బంధువులకూ ఇరుగుపొరుగుకూ పంచుతారు. సంక్రాంతికి చేసే ఈ వంటకం పాకం సరిగ్గా కుదిరితే చాలా రోజులు నిలవ ఉంటుంది కనుక, దూరపు ఊళ్ళలోని అమ్మమ్మల, మేనత్తల ఇళ్ళకు కూడా పంపగలిగేవారు. నేడు అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాలు సైతం స్వదేశం నుంచి తెప్పించిన అరిసెలతో ఈ వేడుకను జరుపుతున్నాయి.

ఈ వంటకాలలో ఏదీ పళ్ళు సరిగా రాని బిడ్డ తినడానికి చేసినది కాదు. అవి ఊరికి వేసిన చాటింపు. ఒక ఇంటి నుంచి కుడుముల పళ్ళెం వచ్చిందంటే ఆ ఇంటి బిడ్డ కూర్చున్నదని వీధి అంతటికీ తెలుస్తుంది. పుట్టిన తేదీ కాగితం మీద లేని కాలంలో, బిడ్డ పెరుగుదలకు సాక్ష్యం ఇరుగుపొరుగు జ్ఞాపకమే. గారెల ఘట్టానికి ఇంటి నిర్మాణంతో సంబంధం ఉంది. పాతకాలపు తెలుగు ఇంటి గడప నేలకు సమానంగా ఉండేది కాదు. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టిన ఆ ఎత్తైన దూలాన్ని దాటాలంటే బిడ్డ ఒక కాలి మీద బరువు నిలిపి, రెండవ కాలిని మోకాలి ఎత్తుకు లేపి, అవతలి నేలను చూడకుండానే అంచనా వేసి పాదం దించాలి. చదును నేల మీది నడకకు ఇది పై మెట్టు. నడక వచ్చిన బిడ్డకూ, అడ్డంకిని దాటగల బిడ్డకూ మధ్య ఉన్న తేడాను గుర్తించి, దానికి వేరుగా పండుగ చేసిన ఆచారం ఇది.

శాస్త్రోక్తమైన సంస్కారాలకూ ఈ పిండివంటల పండుగలకూ ఉన్న భేదం ఇక్కడే గమనించదగినది. బారసాల, అన్నప్రాశన వంటివాటికి రోజులూ నెలలూ నిర్ణయించబడి ఉన్నాయి. ముహూర్తం పెద్దలది, బిడ్డ సిద్ధంగా ఉన్నా లేకపోయినా ఆ కార్యం జరుగుతుంది. బొబ్బట్లకూ అరిసెలకూ ముహూర్తం పెట్టేది బిడ్డే. ఎనిమిదవ నెలలో నడిచినా, పదహారవ నెలలో నడిచినా అరిసె పరిమాణం మారదు. స్త్రీల చేతులలో, వంటింటి ఆధారంగా పెరిగిన ఈ ఆచారం బిడ్డ వేగాన్ని బిడ్డకే వదిలిపెట్టింది.

తొందర వద్దన్న పూర్వవైద్యులు

తొందరపెట్టకూడదన్న ఆలోచన ప్రాచీన వైద్యగ్రంథాలలోనూ బలంగా ఉంది. సుశ్రుత సంహిత శారీరస్థానం, పసిబిడ్డను ఒక్కసారిగా లేపవద్దని, ఎగరవేయవద్దని చెబుతూనే, గూని కలుగుతుందన్న భయం చేత బిడ్డను కూర్చోబెట్టరాదని హెచ్చరించింది. వాగ్భటుని పేరున ఉన్న అష్టాంగ సంగ్రహం అయిదవ నెలలో మంచిరోజు చూసి బిడ్డను నేలమీద కూర్చోబెట్టే విధిని పేర్కొన్నది. దీనికి ఉపవేశనం అని పేరు. శిశువైద్యానికే ప్రత్యేకించిన కాశ్యప సంహిత, ఆటబొమ్మల నడుమ బిడ్డను కూర్చోబెట్టే పద్ధతిని వివరించి, ఎక్కువసేపు కూర్చోబెట్టడం వల్ల నడుము పట్టేయడం, అలసట, జ్వరం, మలమూత్రాల నిరోధం వంటివి కలుగుతాయని చెప్పింది. చరక సంహిత బిడ్డ గదిలో ఉంచే బొమ్మలు రంగులతో, చప్పుడుతో, తేలికగా ఉండాలని, మొనదేలినవిగా కాని, నోటిలో దూరేవిగా కాని, భయపెట్టేవిగా కాని ఉండరాదని నియమించింది. బొమ్మ తేలికగా ఉండాలనడంలో, బిడ్డ దానిని తానే ఎత్తి కదిలించాలన్న ఉద్దేశం స్పష్టం.

ఇంచుమించు ఇదే హెచ్చరిక రోమన్ సామ్రాజ్యంలోనూ వినబడింది. క్రీస్తుశకం 2వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు సొరానస్, స్త్రీశిశు వైద్యంపై రాసిన గ్రంథంలో, కూర్చోవడానికీ నిలబడటానికీ బిడ్డ చేసే ప్రయత్నానికి సాయపడాలే తప్ప, వేళ రాకముందే ఎక్కువగా నిలబెట్టి నడిపిస్తే కాళ్ళు వంకర తిరుగుతాయని రాశాడు. ఆ తరువాతి ఐరోపా మాత్రం శతాబ్దాల తరబడి మరొక దారి పట్టి, బిడ్డ చేతులూ కాళ్ళూ వంకర పోకుండా ఉండాలన్న నమ్మకంతో ఒంటికంతటికీ పట్టీలు చుట్టి ఉంచింది. ఈ పట్టీల బంధనాన్ని 1762లో వెలువడిన ‘ఎమిలీ’ గ్రంథంలో రూసో తీవ్రంగా ఖండించాడు.

తెలుగు ఇళ్ళలో పసిబిడ్డకు జరిగిన దినచర్య ఈ పట్టీల పద్ధతికి భిన్నమైనది. కాళ్ళు చాచి పీట మీద కూర్చున్న అమ్మమ్మో, స్నానం పోయడంలో చేయి తిరిగిన మంత్రసానో బిడ్డను తన కాళ్ళ మీద బోర్లా, వెల్లకిల మార్చి మార్చి పడుకోబెట్టి, నూనె పట్టించి, చేతులనూ కాళ్ళనూ ఎదురెదురుగా కలిపి చాచి, నలుగు పెట్టి, వేడినీళ్ళు పోసేది. ఈ పనిలో బిడ్డ రోజూ కొంతసేపు బోర్లా ఉండేది, మెడ ఎత్తేది, కాళ్ళతో తన్నేది. నేటి శిశువైద్యులు మెలకువగా ఉన్నప్పుడు బిడ్డను కాసేపు పొట్టమీద ఉంచమని చెప్పే సలహాకు కావలసిన అభ్యాసం స్నానపు వేళలోనే కలిసివచ్చేది.

దినచర్య పుస్తకం నుంచి కెమెరా దాకా

శాస్త్రీయ పరిశీలన కూడా ఇంటిలోనే మొదలైంది. జర్మన్ తత్త్వవేత్త డీట్రిష్ టీడెమాన్ తన కొడుకు ఎదుగుదలపై రాసుకున్న పరిశీలనలను 1787లో ప్రచురించాడు. చార్లెస్ డార్విన్ తన పెద్దకొడుకు పసితనాన్ని గురించి చాలాకాలం కిందట రాసుకున్న పుస్తకం ఆధారంగా 1877లో ఒక వ్యాసం వెలువరించాడు. శరీరధర్మ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ ప్రేయర్ 1882లో తన కొడుకు తొలి మూడేళ్ళ పరిశీలనను గ్రంథంగా తెచ్చాడు. ఈ ముగ్గురూ తండ్రులే, ముగ్గురూ చూసినది సొంత బిడ్డనే. ఒక బిడ్డ తేదీలు మరొక బిడ్డకు ఎంతవరకు వర్తిస్తాయన్న ప్రశ్నకు వాటిలో సమాధానం దొరకదు.

ఆ ప్రశ్నకు జవాబు వెదికినవాడు ఆర్నాల్డ్ గెసెల్. 1911లో యేల్ విశ్వవిద్యాలయంలో శిశు పరిశీలనాలయం స్థాపించిన ఈ వైద్యుడు, బయటి నుంచి లోపలికే తప్ప లోపలి నుంచి బయటికి కనబడని తెరతో కప్పిన గుండ్రని గది నిర్మించి, అందులో శిశువుల కదలికలను ఫిల్ము మీద బంధించాడు. ఆ చిత్రాలను ఒక్కొక్క చట్రంగా విడదీసి 1934లో బృహత్ చిత్రసంపుటిగా ప్రచురించాడు. ఏ వయసుకు ఏ పని అన్న పట్టికలు ఈ కృషితోనే వైద్యుల చేతికి వచ్చాయి. 1931లో మేరీ షర్లీ 25 మంది శిశువులను పుట్టిన నాటి నుంచి రెండేళ్ళ వరకు వారి ఇళ్ళలోనే గమనించి, వయసులు ఎంత మారినా ఘట్టాల వరుస దాదాపుగా మారదని తేల్చింది. తెలుగు పిండివంటల వరుస చెప్పేది కూడా ఇదే.

గెసెల్‌కు వయసు పట్టిక ఒక సిద్ధాంతానికి రుజువు. నాడీవ్యవస్థ తనలోని కాలక్రమం ప్రకారం పక్వానికి వస్తుందని, శిక్షణ దానిని తొందరపెట్టలేదని ఆయన నమ్మాడు. దీనిని పరిణతి సిద్ధాంతం అంటారు. 1929లో హెలెన్ థాంప్సన్‌తో కలిసి ఆయన ప్రచురించిన కవలల పరిశోధనలో, ఒక బిడ్డకు 46వ వారం నుంచి ఆరు వారాలపాటు మెట్లెక్కడం నేర్పగా, రెండవ బిడ్డ 53వ వారంలో మొదలుపెట్టి రెండు వారాలలోనే తోబుట్టువును అందుకుంది. న్యూయార్క్‌లో మర్టిల్ మెక్‌గ్రా 1935లో వెలువరించిన మరొక కవలల అధ్యయనం ఈ చిత్రానికి కొత్త రేఖలు చేర్చింది. జానీ, జిమ్మీ అనే పేర్లతో ప్రసిద్ధులైన ఆ సోదరులలో జానీకి పసితనం నుంచే శిక్షణ ఇవ్వగా, అతడు రెండేళ్ళలోపే చక్రాల బూట్ల మీద సాగడం, నిటారైన వాలు బల్లలు ఎక్కడం, నీటిలో ఈదడం నేర్చుకున్నాడు. కాని పాకడం, నడవడం వంటి అందరికీ వచ్చే పనులలో ఇద్దరికీ పెద్ద తేడా రాలేదు. మనిషిజాతి అంతటికీ ఉమ్మడి అయిన పనులకు శిక్షణ కంటే పక్వత ముఖ్యమని, ప్రత్యేక విద్యలకు అభ్యాసం ముఖ్యమని ఈ పరిశోధన సూచించింది.

పట్టిక తడబడిన చోట

పట్టిక ఒకసారి అచ్చయిన తరువాత సగటు వయసు క్రమంగా గడువుగా మారింది. పన్నెండవ నెలకు నడక అన్న అంకెను చూసిన తల్లిదండ్రులకు పదమూడవ నెల దిగులు తెచ్చింది. మరొకవైపు, పక్వత ఒక్కటే చాలదని చూపే ఆధారాలూ వచ్చాయి. వేన్ డెన్నిస్ 1940లో అమెరికాలోని హోపీ తెగవారిలో పలకకు కట్టి పెంచిన శిశువులూ, కట్టకుండా పెంచినవారూ ఇంచుమించు ఒకే వయసులో నడిచారని చూపాడు. అదే డెన్నిస్ 1960లో టెహరాన్ అనాథాశ్రమాలను గురించి రాసినప్పుడు దృశ్యం మారిపోయింది. ఎత్తుకునేవారు, కూర్చోబెట్టేవారు, పలకరించేవారు లేక, రోజంతా తొట్టెలలోనే వెల్లకిల పడి ఉన్న పిల్లలలో ఒక ఆశ్రమంలో రెండవ ఏటివారిలో నూటికి 60 మంది ఇంకా సొంతంగా కూర్చోలేకపోయారు, నాలుగవ ఏటివారిలో నూటికి 85 మంది నడవలేకపోయారు. కదలగలిగినవారిలో చాలామంది దోగాడలేదు, దేకారు. హోపీ శిశువులు కట్టు విప్పిన వేళలలో తల్లి చేతులలో, ఒడిలో, నేలమీద మసలారు. టెహరాన్ శిశువులకు ఆ అవకాశమే లేదు. శరీరంలో పక్వత సిద్ధంగా ఉన్నా, దానిని పనిలోకి దించడానికి మనిషి స్పర్శ, నేల చోటు కావాలన్నది ఆ పోలికలో తేటతెల్లమైంది.

ఆచారమే వేగాన్ని మార్చగలదని 1976లో చార్లెస్ సూపర్ కెన్యా పరిశోధన నిరూపించింది. అక్కడి కిప్సిగిస్ తల్లులు బిడ్డకు కూర్చోవడం, నడవడం పనిగట్టుకొని నేర్పుతారు. అందువల్ల వారి పిల్లలు ఆ రెండింటిలోనూ అమెరికా పట్టికల కంటే ముందున్నారు, నేర్పని పాకడంలో ముందు లేరు. 1984లో ఎస్తర్ థెలెన్ బృందం మరొక పాత నమ్మకాన్ని కదిలించింది. అప్పుడే పుట్టిన బిడ్డను నిలువుగా పట్టుకొని పాదాలు నేలకు తాకిస్తే అడుగులు వేసినట్లు కాళ్ళు కదుపుతుంది. సంకల్పం లేకుండా జరిగే ఈ చర్య కొద్ది నెలలలో మాయమవుతుంది. మెదడు పక్వమై దానిని అణచివేస్తుందని అంతవరకు భావించారు. థెలెన్ ఆ బిడ్డల కాళ్ళను నీటిలో ఉంచగా అడుగులు తిరిగి వచ్చాయి. కొవ్వు పెరిగి బరువెక్కిన కాళ్ళను ఎత్తడానికి కండబలం చాలకపోవడమే అసలు కారణం. నడక మెదడు పంపే ఉత్తరువు ఒక్కటే కాదని, బరువు, బలం, నేల, ఆసక్తి అన్నీ కలిసి ఒక క్షణంలో కుదిరే పొందిక అని ఈ పరిశోధన స్థిరపరచింది.

కారెన్ అడాల్ఫ్ బృందం 2012లో ప్రచురించిన లెక్క తప్పటడుగు అనే తెలుగు మాటకు వ్యాఖ్యానం వంటిది. 12 నుంచి 19 నెలల పిల్లలు ఆడుకునే వేళ గంటకు సగటున 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. రోజుకు వేల అడుగులు, పదుల కొద్దీ పాట్లు లేకుండా ఏ బిడ్డకూ నడక రాలేదు.

రెండు రకాల బండ్లు

పడనివ్వడం, పడకుండా కాపాడటం అనే రెండు కోరికల నడుమ పుట్టిన వస్తువు నడకబండి. తెలుగు ఊళ్ళలో వడ్రంగి చేసి ఇచ్చే మూడు చక్రాల కర్రబండిలో బిడ్డ కూర్చోవడానికి పీట ఉండదు; బిడ్డ తానే లేచి, పిడిని పట్టుకొని, తన బరువును తన కాళ్ళ మీదే మోస్తూ బండిని ముందుకు తోయాలి. నిలబడలేని బిడ్డకు అది ఉపయోగపడదు, నిలబడగల బిడ్డకు మాత్రమే తోడవుతుంది. ప్లాస్టిక్ వలయం మధ్యలో బట్ట ఆసనం వేలాడదీసి, చుట్టూ చక్రాలు అమర్చిన తరువాతి కాలపు వాకరు ఇందుకు పూర్తిగా విరుద్ధమైనది. ఇంకా నిలబడటం రాని బిడ్డ కూడా అందులో కూర్చొని, మునివేళ్ళతో నేలను తన్నుతూ వేగంగా దూసుకుపోగలదు. బరువు మోసే అభ్యాసం అందులో లేదు, మెట్ల మీది నుంచి దొర్లిపడే ప్రమాదం ఉంది. కెనడా 2004లో ఇటువంటి వాకర్ల అమ్మకాన్నే నిషేధించింది. 1946లో బుడాపెస్ట్‌లో శిశుసదనం నెలకొల్పిన వైద్యురాలు ఎమ్మీ పిక్లర్, బిడ్డ తనంతట తాను చేరలేని భంగిమలో బిడ్డను ఉంచరాదన్న నియమాన్ని పాటించింది. కూర్చోవడం రాని బిడ్డను కూర్చోబెట్టవద్దన్న సుశ్రుతుని మాటకు ఇది ఎంతో దగ్గర.

గడువు నుంచి వ్యవధికి

భారతదేశపు పిల్లలను విదేశీ పట్టికలతో కొలవడం సరికాదన్న భావనతో బరోడాలో ప్రమీలా ఫాటక్ ఆధ్వర్యంలో స్థానిక ప్రమాణాలు రూపొందాయి. 1991లో తిరువనంతపురం వైద్యులు 17 అంశాలతో, రెండేళ్ళలోపు పిల్లలను కొద్ది నిమిషాలలో పరీక్షించగల పట్టికను తెచ్చారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1994లో పల్లె పిల్లల వికాసాన్ని పరీక్షించే సాధనాల సముదాయాన్ని ప్రచురించారు. కండకు, ఎముకకు తగిన తిండి లేని చోట నడక ఆలస్యమవుతుంది కనుక, ఈ విషయం పోషకాహార సంస్థ ఆలోచనలోకి రావడం సహజమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రచురించిన ప్రమాణాలు ఈ చరిత్రలో పెద్ద మలుపు. ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాలకు చెందిన 816 మంది ఆరోగ్యవంతులైన పిల్లలను అనుసరించి, ఆరు ఘట్టాలకు ఆ సంస్థ ఒక్కొక్క తేదీకి బదులు ఒక్కొక్క వ్యవధిని నిర్ణయించింది. వాటిలో నాలుగు ఇవి: ఆసరా లేకుండా కూర్చోవడానికి 3.8 నుంచి 9.2 నెలలు, చేతులు మోకాళ్ళ మీద దోగాడటానికి 5.2 నుంచి 13.5 నెలలు, సొంతంగా నిలబడటానికి 6.9 నుంచి 16.9 నెలలు, సొంతంగా నడవడానికి 8.2 నుంచి 17.6 నెలలు. నడక వ్యవధే తొమ్మిది నెలలకు పైబడి ఉంది. అంటే ఇద్దరు ఆరోగ్యవంతులైన పిల్లల తొలి అడుగుల నడుమ, ఒక బిడ్డ కడుపులో పెరిగే కాలమంత తేడా ఉండవచ్చు. ఆ పిల్లలలో నూటికి 4.3 మంది దోగాడనేలేదు. 2022లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం తన పరిశీలన జాబితా నుంచి పాకడాన్నే తీసివేసింది. బిడ్డను వెల్లకిల పడుకోబెట్టాలన్న ప్రచారం అమెరికాలో 1994లో మొదలైన తరువాత కొందరు శిశువులు బోర్లపడటంలో, పాకడంలో కొద్దిగా వెనుకబడినా, నడక మాత్రం యథాప్రకారం అదే వయసుకు వచ్చింది.

ఆచారం చెప్పలేనిది ఈ వ్యవధుల పై అంచు చెప్పింది. పిండివంటల పండుగ నడిచిన బిడ్డకే జరుగుతుంది. నడవలేని బిడ్డ ఉన్న ఇంటి నుంచి అరిసెల పళ్ళెం బయటికి రాదు. ఆ మౌనం వెనుక తల్లి ఎంత దుఃఖాన్ని మింగుకున్నదో, చుట్టుపక్కలవారి ప్రశ్నలు ఎంత గాయపరిచాయో ఆచారం లెక్కలోకి తీసుకోలేదు. మొక్కులతో, దిష్టితీతలతో, ఇదిగో అదిగో నడుస్తాడన్న ఓదార్పుతో అమూల్యమైన నెలలు గడిచిపోయేవి. పోలియో పీడించిన దశాబ్దాలలో అప్పటికే అరిసెల మీద నడిచిన బిడ్డ కూడా ఒక జ్వరంతో కాలు కోల్పోయేది. 1995లో దేశవ్యాప్తంగా మొదలైన పల్స్ పోలియో చుక్కలు, 2011 జనవరి 13న హౌరా జిల్లాలో నమోదైన చివరి కేసు, 2014 మార్చి 27న వచ్చిన పోలియో రహిత ధ్రువపత్రం ఈ దేశపు పిల్లల అడుగుల చరిత్రలో ఏ పండుగకూ తీసిపోని తేదీలు. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం అంగన్‌వాడీ కేంద్రాన్ని ఊరి మధ్యకు తెచ్చింది. 2013లో మొదలైన జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, పుట్టుకతో వచ్చే లోపాలతో పాటు వికాసంలో జాప్యాన్ని కూడా వెదికి, జిల్లా కేంద్రాలలో సత్వర చికిత్సకు పంపే ఏర్పాటు చేసింది. మెదడుకు దెబ్బ తగిలిన బిడ్డకు కండరాల అభ్యాసం ఎంత త్వరగా మొదలైతే అంత మేలు కనుక, ఇక్కడ ఓర్పు గుణం కాదు.

తొమ్మిది నెలలు దాటినా కూర్చోని బిడ్డను, పద్దెనిమిది నెలలకు చేరినా నడవని బిడ్డను, వచ్చిన కదలికను పోగొట్టుకుంటున్న బిడ్డను ఏ వయసులోనైనా వెంటనే వైద్యునికి చూపాలన్నది ఈ చరిత్ర అంతటి నుంచి గృహస్థు చేతికి వచ్చే స్పష్టమైన నియమం. ఆ హద్దుకు ఇవతల ఉన్న బిడ్డను పక్కింటి బిడ్డతో పోల్చి వేధించవలసిన పని లేదు. నేల మీద చోటు, పట్టుకోవడానికి ఒక వేలు, పడినప్పుడు ఎత్తుకోవడానికి రెండు చేతులు ఉంటే చాలు. ఆ హద్దును దాటి, చికిత్సతో, కాళ్ళకు పట్టీలతో, ఆసరా కర్రతో మూడవ ఏటనో నాలుగవ ఏటనో తొలి అడుగు వేసిన బిడ్డకు కూడా అరిసెలు పంచే ఇళ్ళు పెరగవలసి ఉంది. ఆచారం అందుకు అడ్డు చెప్పదు. దానిలో ఏ నెలా రాసి లేదు.